గాయమునకు వెల కట్టవచ్చునా?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 21:18-19, 2 సమూయేలు 9వ అధ్యాయము



గత నెలలో ఒక బుధవారమున ప్రార్థన కూటము ముగిసి మందిరపు తలుపులు మూయుచుండగా, మన సంఘములోని ఒక తల్లి మెట్లమీదనే నిలిచిపోయెను. అందరు వెళ్లినను ఆమె కదలలేదు. ఆమె ఏకైక కుమారుడు ఎమిరేట్ల దేశములో సెంట్రింగు పని చేయుచున్నాడని మీలో అనేకులు ఎరుగుదురు. ఒకనాటి తెల్లవారుజామున పని స్థలమునకు పోవుచుండగా, వారు ఎక్కిన బండి ముందు పోవుచున్న లారీని వెనుకనుండి గుద్దెను. దేవుని కృపవలన ప్రాణములు దక్కినవి గాని ఆ పిల్లవాని కుడిచేతి వేళ్లు రెండు పోయినవి. మిగిలిన వేళ్లకు పట్టు లేదు. సుత్తి పట్టవలసిన చేయి అది.

ఆ తల్లి నన్ను అడిగిన మాట ఇది: "అయ్యగారూ, వాడి చేతికి డబ్బు వస్తుందని అక్కడివాళ్లు చెబుతున్నారంట. అడగొచ్చా? నా కొడుకు వేళ్లు అమ్ముకున్నట్టు కాదా? మనం క్షమించేవాళ్లం కదా, మరి అడిగితే దేవుడికి కోపం రాదా?"

నేను వెంటనే ఉత్తరము చెప్పలేకపోతిని. "రేపు చెప్పెదనమ్మా" అని పంపివేసితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణమున్నది. ఇదే ప్రశ్న ఇదే మెట్లమీద నాకు 2016వ సంవత్సరములోను ఎదురైనది. అప్పుడు నేను తొందరపడి ఉత్తరము చెప్పితిని. ఆ ఉత్తరము తప్పు. ఆ సంగతి ముందుగా మీ యెదుట ఒప్పుకొనక, ఈ విషయమును గూర్చి వ్రాయుటకు నాకు అర్హత లేదు.

మన సంఘములోనే మరియొక సహోదరుడు 2015లో ఆ దేశముననే రోడ్డు దాటుచుండగా కారు గుద్ది కాలు విరిగి, మరుసటి సంవత్సరము ఇంటికి చేరెను. అంతకు ముందు అతడు కొబ్బరి చెట్లెక్కి దింపు తీయువాడు. ఇక చెట్టెక్కు యోగము లేదు. అతని భార్య నాయొద్దకు వచ్చి, "ఆ కారువాళ్లమీద ఏమైనా అడగొచ్చా అయ్యగారూ?" అనెను. నేను ఏమంటినో నాకు బాగుగా జ్ఞాపకమున్నది. పగ తీర్చుట ప్రభువు పని గదా అంటిని. పోయిన కాలు కోర్టు తెచ్చి ఇచ్చునా అంటిని. ఓర్చుకొనుడి, దేవుడే చూచుకొనును అంటిని. ఆమె తల వంచుకొని వెళ్లిపోయెను. 2019లో ఆ దేశమునుండి తిరిగి వచ్చిన వారి బంధువొకడు విచారించి చెప్పగా తెలిసినది: అట్టి దావాకు ఆనాడు అక్కడ అమలులోనుండిన 1985 నాటి చట్టము ప్రకారము, హాని జరిగినదనియు అది ఎవరివలననో అనియు తెలిసిన దినము మొదలుకొని మూడు సంవత్సరముల గడువు. ఆ మూడు సంవత్సరములు అప్పటికే గడచిపోయినవి.

నేను ఓర్పు అని పేరు పెట్టినది వాస్తవముగా నా సోమరితనము. నాకు ఆ చట్టములు తెలియవు, తెలిసికొనుటకు శ్రమపడలేదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, వాక్యమును అడ్డు పెట్టుకొంటిని. ఈ విధముగా వాక్యమును అడ్డు పెట్టుకొను కాపరులు నేనొక్కడనే కాననియు నేననుకొనుచున్నాను. కావున ఈ నెల ఈ ప్రశ్నను మనమందరము కలిసి వాక్యపు వెలుగులో పరిశీలింతము.

మొదట ధర్మశాస్త్రము ఏమి బోధించుచున్నదో చూడుడి. ఇద్దరు పోట్లాడి ఒకడు గాయపడి మంచము పట్టినయెడల, తరువాత అతడు లేచి కర్ర పట్టుకొని బయట నడువగలిగినను, కొట్టినవాని బాధ్యత అంతటితో తీరదని నిర్గమకాండము 21వ అధ్యాయము చెప్పుచున్నది. శిక్ష తప్పవచ్చును గాని, గాయపడినవాడు పని పోగొట్టుకొన్న దినములకు నష్టము కట్టి ఇయ్యవలెను, పూర్తిగా స్వస్థత కలుగువరకు వైద్యము చేయింపవలెను. ఇక్కడ రెండు లెక్కలున్నవి: ఒకటి కూలి లెక్క, రెండవది మందు లెక్క. నేటి న్యాయస్థానములలో న్యాయాధిపతులు వేయు లెక్కలలోను ఈ రెండును మొదట నిలుచును. అదే అధ్యాయములో, గోతిని తవ్వి మూత వేయకుండ విడిచిన వానిని గూర్చియు, పొడుచునని తెలిసియు ఎద్దును కట్టివేయని యజమానుని గూర్చియు వ్రాయబడియున్నది. గోతిని తవ్వినవాడు ఎవరిని చంపవలెనని తవ్వలేదు. అయినను అజాగ్రత్తకు అతడు ఉత్తరవాది. కారు నడుపువాడు చేతి ఫోను చూచుచు మనుష్యుని గుద్దినయెడల, అతడు మూత వేయని గోతివంటివాడే.

దీనినిబట్టి మనకు తెలియునదేమనగా, నష్టపరిహారమను తలంపు లోకస్థుల దురాశలోనుండి పుట్టినది కాదు. పొరుగువాని దేహము విలువగలదని బోధించిన దేవుడే దానిని తన ప్రజలకు నేర్పెను. ఆయన వేళ్లకు వెల కట్టలేదు. వేళ్లు లేనివాడు రేపు ఏమి తినునని అడిగెను. ఈ రెంటికి భేదమున్నది. ఆ తల్లి భయపడినట్లు ఇది అవయవమును అమ్ముకొనుట కాదు. అమ్మినవాడు తన వస్తువును ఇష్టపడి ఇచ్చివేయును. ఈ పిల్లవాడు ఇష్టపడి ఇచ్చినదేమున్నది?

ఇప్పుడు మన మనస్సులో లేచు అభ్యంతరములను ఒక్కొక్కటిగా చూతము.

ప్రభువు చెంప త్రిప్పుమనెను గదా, మరి అడుగుట ఎట్లు అని కొందరందురు. కొండమీది ప్రసంగములో ప్రభువు చెప్పినది కుడి చెంపమీది దెబ్బను గూర్చి. అది అవమానపు దెబ్బ. అవమానమునకు అవమానము చేయవద్దని ఆయన ఆజ్ఞ. అది విరిగిన ఎముకకు వైద్యము అడుగరాదన్న ఆజ్ఞ కాదు. ప్రభువునే చూడుడి. ప్రధాన యాజకుని యెదుట ఒక బంట్రోతు ఆయనను కొట్టినప్పుడు ఆయన తిరిగి కొట్టలేదు, శపింపలేదు. గాని మౌనముగాను ఊరకుండలేదు. తాను చెప్పినదానిలో తప్పున్నయెడల అది చూపుమనియు, లేనియెడల కొట్టుటకు కారణమేమనియు నెమ్మదిగా అడిగెను (యోహాను 18:22-23). అడుగుట పగ కాదు. న్యాయమును అడుగువాని నోట ద్వేషము లేకుండవచ్చునని ప్రభువే మనకు కనుపరచెను.

పౌలు సంగతియు అట్టిదే. ఫిలిప్పీలో విచారణ లేకుండ బెత్తములతో కొట్టి చెరసాలలో వేసిన అధికారులు, తెల్లవారిన తరువాత రహస్యముగా వెళ్లిపొమ్మనిరి. పౌలు వెళ్లలేదు. వారే వచ్చి తమ్మును బయటికి తీసికొని పోవలెననెను (అపొస్తలుల కార్యములు 16:37). తరువాత కైసరునొద్ద చెప్పుకొందునని అడిగిన దినమున (25:11) ఆయన విశ్వాసము తగ్గిపోయినదని ఎవడు చెప్పగలడు? చట్టము తనకిచ్చిన హక్కును ఆయన దాచుకొనలేదు, దానితో ఎవరిని పీడింపనులేదు.

అయితే కొరింథీ సంఘమునకు ఆయన వ్యాజ్యెమాడవద్దని వ్రాసెను గదా అని మరియొకరందురు. ఆ అధ్యాయమును జాగ్రత్తగా చదువుడి. అక్కడ సహోదరుడు సహోదరునిమీద అవిశ్వాసుల యెదుట వ్యాజ్యెమాడుచున్నాడు. సంఘములో తీర్పు చెప్పగల పెద్దలుండగా వారిని విడిచి పోయిరి. అది అపొస్తలుని దుఃఖము. దుబాయి వీధిలో గుద్దిన కారునకు బీమా చేసిన కంపెనీ మన సంఘస్థుడు కాడు. దానికిని మనకును మధ్య తీర్పు చెప్పుటకు సంఘపు పెద్దలెవరును లేరు. అందుకొరకే దేవుడు రాజ్యములలో న్యాయస్థానములను ఉంచెను.

అదే చోట, అన్యాయము సహించుట మేలు కాదా అను అర్థము వచ్చునట్లు ఆయన అడిగిన మాటయున్నది. అది గొప్ప మాట. గాని ఆ మాటను ఎవరు ఎవరితో చెప్పవచ్చును? గాయపడినవాడు దేవుని సన్నిధిలో ఆలోచించి, నా హక్కును నేను విడిచిపెట్టుచున్నానని చెప్పినయెడల, అది సువాసనగల అర్పణ. రెండు కాళ్లు బాగుగా నుండి, నెలనెల జీతము తీసికొను నావంటివాడు అతని హక్కును అతని తరపున విడిచిపెట్టినయెడల అది అర్పణ కాదు. ఇతరుని గొఱ్ఱెను తెచ్చి నా బలియని చెప్పుటయే. అంతేకాదు, తండ్రి తన కూడు మానుకొనవచ్చును గాని పిల్లల కూడు మానిపింపరాదు. విరిగిన కాలుతో పోయినది ఒక్కని కూలి కాదు, ఒక ఇంటి కూలి.

ఇక క్షమాపణ మాట. క్షమించినవాడు అడుగరాదని మనలో అనేకుల తలంపు. క్షమాపణ అనగా ఏమి? గుద్దినవానిమీద నా హృదయములోనున్న ద్వేషమును దేవుని కప్పగించుట, అతడు నశింపవలెనని కోరకుండుట, అతనికొరకు ప్రార్థించుట. నష్టము తీర్చుట వేరొక సంగతి. జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లినప్పుడు క్షమాపణ ముందుగా ఆ ఇంట ప్రవేశించెను. అయినను జక్కయ్య లేచి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను (లూకా 19:8). క్షమించితిని గనుక నీవు చెల్లింపనక్కరలేదని ప్రభువు చెప్పలేదు. లేవీయకాండము 6వ అధ్యాయము ప్రకారము, పొరుగువానికి నష్టము చేసినవాడు మొదట మూలధనమును, దానిమీద అయిదవ వంతును నష్టపడినవానికి చెల్లింపవలెను. బలిపీఠమునొద్ద ప్రాయశ్చిత్తము దాని తరువాత.

ప్రియులారా, ఇంతవరకు చెప్పినది సులభమైన భాగము. కష్టమైన భాగము ఇప్పుడు వచ్చుచున్నది. ఆ పిల్లవాడెక్కిన బండిని నడిపినవాడు ధనికుడు కాడు. అతడును మన దేశస్థుడే, బీహారు రాష్ట్రమువాడు, ఇద్దరు పిల్లల తండ్రి. రెండు నెలల రాత్రి పనితో అలసి కన్ను మూసెను. కేసు తీరువరకు దేశము విడిచి రాలేడు. మనవాడు నష్టము అడిగినయెడల ఆ భారము ఈ బీదవానిమీద పడునా? ఒక బీదవాని కన్నీళ్లు తుడుచుటకు మరియొక బీదవాని కన్నీళ్లు రాల్పవలెనా? ఆ తల్లి హృదయములో అన్నిటికంటె లోతుగానున్న ముల్లు ఇదియే. ఇది మంచి ముల్లు. దీనిని తొలగించుటకు ముందు, అది ఆమె హృదయములో నున్నందుకు దేవుని స్తుతింపవలెను.

దీనికి ఉత్తరము చెప్పవలెననిన బీమా ఎట్లు పనిచేయునో తెలియవలెను. మన దేశములో 1939 నాటి మోటారు వాహనముల చట్టమునుండియు, గల్ఫు దేశములలో వారి వారి చట్టములనుబట్టియు, బండి రోడ్డెక్కుటకు ముందే ఇతరులకు కలుగు హానికొరకు బీమా చేయవలెనను నిర్బంధమున్నది. వేలకొలది బండ్ల యజమానులు సంవత్సర సంవత్సరము కొంత సొమ్ము కట్టుదురు. ఆ సొమ్మునుండి గాయపడినవారికి చెల్లింతురు. కాబట్టి సాధారణముగా ఈ పరిహారము నడిపినవాని జేబులోనుండి రాదు. నడిపినవాడు త్రాగియుండుట, లైసెన్సు లేకుండుట మొదలైన సందర్భములలో కంపెనీ తాను చెల్లించినదానిని అతనియొద్ద రాబట్టుకొనవచ్చును. అట్టిదేమైన ఉన్నదా అని ముందే విచారింపవలెను. ఇంకను, పనికి పోవుచు వచ్చుచు దారిలో జరిగిన ప్రమాదమును ఎమిరేట్ల కార్మిక చట్టము పనిలో కలిగిన గాయముగానే ఎంచుచున్నది. కాబట్టి యజమానునికిని బాధ్యత కలదు.

ఆ దేశముల వాడుకలో ప్రాణనష్టమునకు చెల్లించు సొమ్మును దియా అందురు. పొరపాటున జరిగిన మరణమునకు 2003లో ఎమిరేట్ల చట్టము దానిని 2,00,000 దిర్హములుగా నిర్ణయించెను. అవయవ నష్టమునకు వారి పూర్వపు ధర్మశాస్త్రములో భాగములున్నవి. ఒక చేయి పోయిన సగము, ఒక వ్రేలు పోయిన పదియవ వంతు అని లెక్క. ఇదిగాక, సంపాదన పోయినందుకును, బాధకును న్యాయస్థానము వేరుగా పరిహారము నిర్ణయింపవచ్చును.

అడిగినవారికిని అడుగనివారికిని భేదమెంతయో ఒక దృష్టాంతము చెప్పెదను. 2019 జూన్ 6వ తేదీన మస్కటునుండి దుబాయికి వచ్చుచుండిన బస్సు ఒకటి, ఎత్తైన బండ్లు పోకుండ కట్టిన ఇనుప అడ్డును గుద్దుకొని 17 మంది మరణించిరి. వారిలో 12 మంది మన భారతీయులు. పండుగ సెలవులు గడిపి తిరిగి వచ్చుచున్నవారు వారు. ఆ బస్సులో నుండిన 20 ఏండ్ల భారతీయ విద్యార్థి ఒకడు మెదడునకు తీవ్రమైన దెబ్బ తగిలి చదువు కొనసాగింపలేని స్థితికి వచ్చెను. బీమా వివాదములను విచారించు అధికారులు మొదట అతనికి 10 లక్షల దిర్హములు నిర్ణయించిరి. అతని తరపువారు న్యాయస్థానమునకు వెళ్లిరి. చివరకు అది 50 లక్షల దిర్హములాయెనని 2023లో పత్రికలు ప్రకటించినవి. జీవితకాలమంతయు ఇతరుల చేతిమీద బ్రదుకవలసిన పిల్లవానికి అది ఎక్కువ కాదు. మొదటి మాటకే ఊరకుండినయెడల ఆ మిగిలిన 40 లక్షలు ఎవరియొద్ద నుండెడివి? గుద్దిన డ్రైవరు యొద్ద కాదు, కంపెనీ పెట్టెలో. మన మౌనము ఎల్లప్పుడు బీదవానికి లాభము చేయదని దీనివలన గ్రహింపుడి.

మన పిల్లవాని సంగతికి వత్తును. అతనియొద్దకు కంపెనీ గుమాస్తా రెండు కాగితములు తెచ్చెనట. రెండును అరబ్బీ భాషలో. మొదటిది, నడిపినవానిని క్షమించితిననియు అతనిమీద ఫిర్యాదు లేదనియు. రెండవది, తనకు రావలసినదంతయు ముట్టినదనియు ఇకమీదట ఎవరిమీదను దావా లేదనియు. గుమాస్తా, "రెండూ ఒక్కటే, సంతకం పెట్టు" అనెనట. పిల్లవాడు వివేకము కలిగి, "మా అమ్మను అడిగి చెబుతా" నని ఆగెను.

ఆ రెండు కాగితములలో ఈ ప్రశ్నకు ఉత్తరమంతయు నున్నదని నాకు తోచెను. మరునాడు ఆ తల్లితో నేనిట్లంటిని: "అమ్మా, మొదటి కాగితము మీద నీ కొడుకు ఎడమచేతితోనైనను సంతోషముగా సంతకము చేయవచ్చును. అది క్రైస్తవుని సంతకము. అయితే నష్టపరిహారపు హక్కునుకూడ విడిచిపెట్టు మాట దానిలో దాగియున్నదేమో, చదువ వచ్చినవానిచేత చదివించి చూచిన తరువాతనే చేయవలెను. రెండవ కాగితము అబద్ధము. ముట్టనిదానిని ముట్టినదని వ్రాయుట ఓర్పు కాదు, అబద్ధ సాక్ష్యము. దానిమీద చేయి పెట్టవద్దు."

ఆమె చాలసేపు ఊరకుండి, "అయితే వాణ్ణి క్షమించి, కంపెనీని అడగొచ్చన్నమాట" అనెను. నేను నాలుగు పుటలలో చెప్పుచున్నదానిని ఆమె ఒక్క మాటలో చెప్పివేసెను.

ఇక అడుగువారు జాగ్రత్తపడవలసిన సంగతులు కొన్ని గలవు. నేను హక్కును గూర్చి ఎంత చెప్పితినో పాపమును గూర్చియు అంత చెప్పవలెను.

అబద్ధమాడకుడి. నూటికి ఇరువది పాళ్లు పోయిన చేతిని యాభై పాళ్లని వ్రాయింతునని చెప్పు దళారులు ఉన్నారు. అట్టి సొమ్ములో దేవుని ఆశీర్వాదముండదు. పైగా ఒక అబద్ధము బయలుపడిన దినమున తరువాత వచ్చు పదిమంది నిజమైన గాయములుకూడ అనుమానింపబడును. పోలీసు నివేదిక, ఆసుపత్రి కాగితములు, జీతపు రసీదులు, పాసుపోర్టు నకలు భద్రపరచుకొనుడి. నిజమునకు అవియే సాక్షులు.

ఆలస్యము చేయకుడి. ఒక్కొక్క దేశమున ఒక్కొక్క గడువున్నది. మా కాపరి ఏమనునో, మా బావ ఏమనునో అని సంవత్సరములు గడుపవద్దు. వకీలుతో ఒప్పందము చేసికొనునప్పుడు అతని వంతు ఎంతయో ముందే వ్రాత మూలముగా తెలిసికొనుడి. భారత రాయబార కార్యాలయములలో 2009లో ఏర్పడిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధియున్నది. దిక్కులేని వారికి వైద్యమునకును న్యాయ సహాయమునకును దానినుండి తోడ్పడుదురు. ఎమిగ్రేషను అనుమతితో వెళ్లు పనివారికి 2003లో ప్రారంభమైన ప్రవాసీ భారతీయ బీమా యోజన కలదు. ప్రమాదములో మరణించినను, శాశ్వతముగా అవిటివారైనను 10 లక్షల రూపాయలు దాని మూలముగా రావలసియున్నది. మన పిల్లలు బయలుదేరు దినమున పూలదండలు వేసి ప్రార్థన చేసి పంపుచున్నాము; ఆ బీమా కాగితపు నకలొకటి ఇంట నుంచుకొన్నారా అని అడుగుట లేదు. ఇకమీదట అదియు అడుగుదము.

డబ్బు వచ్చిన దినమున దానిని గాయపడినవాని డబ్బుగానే చూడుడి. అది చెల్లెలి కట్నము కాదు, అన్న యిల్లు కాదు. కానుక సంగతికూడ చెప్పుచున్నాను: అతడు ఇచ్చిన సంతోషము, ఇయ్యకపోయిన ప్రశ్న లేదు. సంఘము అతని వేళ్లలో దశమభాగము అడుగదు.

మరియొక మాట. మన పిల్లలు గాయపడువారు మాత్రమే కారు. అనేకులు అక్కడ డ్రైవర్లు. ఒకనాడు మనవాని బండి క్రిందనే పరదేశి కూలివాడొకడు పడవచ్చును. ఆ దినమున మనము ఈ పుటలను మరచిపోరాదు. తప్పు మనదైనప్పుడు పరుగెత్తి దాగుకొనక, నిజము చెప్పి, గాయపడినవానికి రావలసినది వచ్చునట్లు సాక్ష్యమిచ్చువాడే న్యాయమడుగుటకు అర్హుడు. దారిలో పడియున్నవానిని చూచిన సమరయుడు అతనిని గుద్దినవాడు కాడు. అయినను రెండు దేనారములు చెల్లించి, ఇంకను ఖర్చైనయెడల తానే తీర్చెదననెను.

దావీదునొద్దకు వచ్చిన మెఫీబోషెతును జ్ఞాపకము చేసికొని ముగించెదను. అతడు పుట్టుకుంటివాడు కాడు. అయిదేండ్ల వయస్సున, యుద్ధపు వార్త విని దాది అతనిని ఎత్తుకొని తొందరగా పారిపోవుచుండగా, క్రింద పడి కుంటివాడాయెను (2 సమూయేలు 4:4). అదియు ప్రమాదమే. ఆ దాది అతనిని ప్రేమించినదే. ఆమెమీద పగ తీర్చుకొన్నట్లు వాక్యములో ఎక్కడను లేదు. గాని దావీదు అతనిని పిలిపించినప్పుడు జాలి మాటలు చెప్పి పంపివేయలేదు. తన బల్లయొద్ద చోటిచ్చెను. దానితోకూడ అతని తాత భూమి అంతయు తిరిగి ఇచ్చి, కుంటివాడు దున్నలేడు గనుక దున్నుటకు సీబాను, అతని పదునైదుగురు కుమారులను, ఇరువదిమంది పనివారిని ఏర్పరచెను. బల్లయు కావలెను, పొలమును కావలెను. మన సంఘములు గాయపడినవారికి బల్లయొద్ద చోటిచ్చుచున్నవి, ప్రార్థించుచున్నవి, పరామర్శించుచున్నవి. పొలము మాట వచ్చినప్పుడు మాత్రము ఓర్చుకొమ్మనుచున్నవి.

ఆ వారమే నేను 2016లో తప్పుడు సలహా ఇచ్చిన సహోదరుని యింటికి వెళ్లితిని. అతడు అరుగుమీద కూర్చుండి కొబ్బరి పీచుతో తాడు పేనుచుండెను. నావలన నీకు నష్టము కలిగినది, నన్ను క్షమింపుమని అడిగితిని. లేవీయకాండము గూర్చి వ్రాయబోవువాడు వట్టి మాటతో ఊరకుండరాదు గనుక, అతని కుమార్తె కళాశాల చదువు ముగియువరకు రుసుము నేను కట్టుదుననియు, అది దానముగా గాక బాకీగా పుచ్చుకొనుమనియు వేడుకొంటిని. పోయిన సొమ్ముకు అది సాటి రాదని నాకు తెలియును. అతడు తాడు పేనుట మానలేదు. కొంతసేపటికి, "బాకీ అంటే పుచ్చుకుంటాను అయ్యగారూ" అనెను. తరువాత తల యెత్తి, "ఆ పిల్లోడి కాగితాలు నాకు చూపించండి. నా దగ్గర ఏమేం లేకపోయాయో నాకు తెలుసు. వాడి దగ్గర అవి ఉన్నాయో లేదో నేను చూస్తాను" అనెను.

ఇప్పుడు ప్రతి ఆదివారము ఆరాధన తరువాత ఆయన మందిరపు అరుగుమీద కూర్చుండి, ఆ తల్లి ఫోనులో వచ్చిన కాగితములను ఒక్కొక్కటిగా చూచుచున్నాడు. దావా ఇంకను తీరలేదు. బండి నడిపినవాని క్షమాపణ కాగితము చదివించి చూచిన తరువాత పిల్లవాడు ఎడమచేతితో సంతకము చేసి ఇచ్చెను. మీ ప్రార్థనలలో ముగ్గురిని జ్ఞాపకము చేసికొనుడి: ఆ పిల్లవానిని, ఆ నడిపినవానిని, అరుగుమీద కూర్చున్న మన సహోదరుని. ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.